చెన్నైలో సీటొచ్చింది సరే, ఉండేదెక్కడ? కాలేజీ హాస్టలా, బయటి హాస్టలా, రూమా?

జూన్ వచ్చిందంటే నాకు ఒంగోలు నుంచి, కందుకూరు నుంచి, ఒక్కోసారి ఖమ్మం నుంచి కూడా ఒకటే ఫోను. "తమ్ముడూ, మావాడికి చెన్నైలో సీటొచ్చింది. కాలేజీ హాస్టల్లో వెయ్యమంటావా, బయట పీజీ హాస్టల్ చూడమంటావా? వాళ్ళేమో నలుగురం కలిసి రూమ్ తీసుకుంటామంటున్నారు." ఈ ఏడాది అడిగింది మా పెద్దమ్మ కూతురు. వాళ్ళబ్బాయికి చెన్నై శివార్లలో పోతేరి దగ్గర కాలేజీలో వచ్చింది. అక్కకి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వరసగా రాస్తున్నాను.

నేను 2012లో ఇంజనీరింగ్ చదవడానికి ఈ ఊరొచ్చాను. కాలేజీ హాస్టల్లో ఒక ఏడాది, బయటి హాస్టల్లో ఒక ఏడాది, రూమ్‌లో రెండేళ్ళు ఉన్నాను. ఇప్పుడు క్రోంపేటలో కాపురం. ఎవరైనా ముందు "అద్దె ఎంత?" అనే అడుగుతారు. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది కాలేజీకి ఎంత దూరం అని. రెండోది ఆ ఇంటికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అని.

ముందు దూరం సంగతి

"చెన్నైలో కాలేజీ" అంటే సెంట్రల్ స్టేషన్ పక్కనే అనుకుని వచ్చేస్తారు మనవాళ్ళు. ఎస్‌ఆర్‌ఎం ఉన్న కట్టంకుళత్తూరు చెంగల్పట్టు జిల్లాలో ఉంది, సెంట్రల్ నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు. వీఐటీ చెన్నై క్యాంపస్ వండలూరు నుంచి కేళంబాక్కం వెళ్ళే రోడ్డులో ఉంటుంది. సత్యభామ ఓఎమ్ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద, ఎస్‌ఎస్‌ఎన్ అదే రోడ్డులో ఇంకా దక్షిణాన కాలవాక్కంలో, సవీత ఇంజనీరింగ్ కాలేజీ బెంగళూరు రోడ్డులో తండలం దగ్గర. అన్నీ చెన్నై పేరుతోనే చెప్పుకునేవే, కానీ ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్ళాలంటే పూట గడిచిపోతుంది. అందుకే "చెన్నైలో మా చుట్టాలున్నారు, వాళ్ళింట్లో ఉండి చదువుకుంటాడు" అనే ముందు ఆ చుట్టాలు ఉత్తరాన మాధవరంలో ఉన్నారో దక్షిణాన మేడవాక్కంలో ఉన్నారో చూసుకోండి.

ఇక్కడ అందరూ ఎలక్ట్రిక్ ట్రైన్ అని పిలిచే లోకల్ రైలు బీచ్ స్టేషన్ నుంచి ఎగ్మోరు, మాంబళం, గిండీ, పల్లావరం, క్రోంపేట, తాంబరం మీదుగా చెంగల్పట్టు దాకా వెళ్తుంది. కనీస టికెట్ 5 రూపాయలు. నెల సీజన్ టికెట్ ఇంకా చవక. కాలేజీ నుంచి ఫారం సంతకం చేయించుకుని వెళ్తే విద్యార్థులకు రాయితీ కూడా ఉంది. మీ కాలేజీ ఈ లైను మీద ఉంటే మీరు అదృష్టవంతులు. పల్లావరం నుంచి గూడువాంజేరి దాకా ఎక్కడున్నా ఫరవాలేదు, ఇల్లు మాత్రం స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉండాలి. కాలేజీ ఓఎమ్ఆర్ వైపు అయితే ఈ సలహా పనికిరాదు. అటు లోకల్ రైలు లేదు, బస్సూ షేర్ ఆటోనే దిక్కు. అక్కడ చదివేవాళ్ళు రెండు వేలు ఎక్కువైనా కాలేజీకి దగ్గర్లోనే ఉండడం మంచిది. రోజుకి మూడు గంటలు బస్సులో నిలబడి వచ్చినవాడు రాత్రి పుస్తకం తీయడు. నేను తీయలేదు.

ఆడపిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. 2021 మే నుంచి సిటీలోని ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. తమిళనాడు ఆధార్ ఉండక్కర్లేదు, మన ఊరి పిల్లలూ ఎక్కొచ్చు. డీలక్సు, ఏసీ బస్సులకు ఇది వర్తించదు, ఎక్కేముందు చూసుకోవాలి.

కాలేజీ హాస్టల్

దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టాలి, రాత్రి ఫలానా టైముకి గేటు మూస్తారు, మెస్‌లో వారానికి ఏడు రోజులూ సాంబారు. అయినా మొదటి ఏడాదికి నా ఓటు దీనికే. క్రమశిక్షణ కోసం కాదు. నీళ్ళు రాకపోయినా, మోటారు కాలిపోయినా, కరెంటు పోయినా ఆ టెన్షన్ ఇంకొకరిది. పద్దెనిమిదేళ్ళ పిల్లకో పిల్లాడికో కొత్త భాష, కొత్త ఊరు, కొత్త చదువు, ఈ మూడూ చాలు. వాటి మీద ఓనరుతో తగువు కూడా ఎందుకు?

చేరే ముందు ఒక్క కాగితం మాత్రం అడిగి చదవండి. మధ్యలో ఖాళీ చేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారో ఉండే కాగితం. సెమిస్టరు మధ్యలో బయటికొచ్చేసి, మిగతా డబ్బులు రాక బాధపడినవాళ్ళు నా బ్యాచ్‌లోనే ముగ్గురున్నారు.

బయటి హాస్టల్, అదే పీజీ

పోతేరి చుట్టుపక్కల, ఓఎమ్ఆర్ కాలేజీల చుట్టూ "ఆంధ్రా మెస్ ఉంది" అని తెలుగులో బోర్డు పెట్టిన హాస్టళ్ళు కనిపిస్తాయి. చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ బోర్డు చూసి అడ్వాన్సు కట్టకండి. ఒక పూట అక్కడ భోజనం చేయండి. ఆదివారం మధ్యాహ్నం కాదు, మంగళవారమో బుధవారమో రాత్రి. ఆదివారం చికెన్ ఏ హాస్టల్లోనైనా బాగానే ఉంటుంది. వారం మధ్యలో రాత్రి పూట పప్పు ఎలా ఉందన్నదే మీరు ఏడాదంతా తినబోయేది. ఇక్కడ చాలా మెస్సుల్లో ఉప్పుడు బియ్యం వండుతారు. మనవాళ్ళకు మొదట్లో ఆ లావు మెతుకు గొంతు దిగదు. కొందరికి నెలలో అలవాటైపోతుంది, కొందరికి ఎన్నేళ్ళకీ కాదు. మీ పిల్లలు ఎలాంటివాళ్ళో మీకు తెలుసు.

ఆడపిల్లల హాస్టలైతే తప్పకుండా అడగవలసింది లైసెన్సు. తమిళనాడులో మహిళల, పిల్లల హాస్టళ్ళ నియంత్రణకు 2014లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆడపిల్లల హాస్టల్ నడపాలంటే జిల్లా కలెక్టరు నుంచి లైసెన్సు ఉండాలి. "లైసెన్స్ కాపీ చూపిస్తారా అండీ?" అని మర్యాదగా అడగండి. ఉన్నవాళ్ళు గోడకే తగిలించి పెడతారు. "రెన్యువల్‌కి ఇచ్చాం, వస్తుంది" అన్నచోట నేనైతే మా ఇంటి పిల్లను చేర్చను. తర్వాత చూడాల్సింది రాత్రి వార్డెన్ అక్కడే పడుకుంటారా లేదా అని.

మిగతావి డబ్బు సంగతులు. అడ్వాన్సులో మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారు, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మే, జూన్ సెలవుల్లో ఇంటికెళ్తే పూర్తి అద్దె కట్టాలా లేక మంచం అట్టిపెట్టడానికి సగం తీసుకుంటారా, ఏసీ కరెంటు వేరా, కలిపేనా. ఈ నాలుగూ రసీదు మీద రాయించుకోండి. రాసివ్వనంటే వాట్సాప్‌లో మీరే పంపించి "సరేనా అండీ?" అని అడగండి. "సరే" అని వచ్చిన ఆ జవాబు రేపు ఉపయోగపడుతుంది.

మగపిల్లలకు ట్రిప్లికేన్ మాన్షన్లు అని ఇంకో దారి ఉంది. చిన్న గది, ఉమ్మడి బాత్‌రూమ్, వంట కుదరదు, చుట్టూ మెస్సులు. మెరీనా దగ్గర మద్రాసు యూనివర్సిటీలో చదివేవాళ్ళకూ, కొన్ని నెలలు కోచింగ్‌కి వచ్చేవాళ్ళకూ సరిపోతుంది. నాలుగేళ్ళ చదువుకు మాత్రం వద్దు.

రూమ్ లెక్క కాగితం మీద వేద్దాం

"రూమ్ అయితే సగానికి సగం మిగులుతుంది" అని పిల్లలు చెప్తారు. నిజమో కాదో ఒక ఉదాహరణతో చూద్దాం. నలుగురు కలిసి 15,000 అద్దెకు డబుల్ బెడ్‌రూమ్ తీసుకున్నారనుకోండి. మనిషికి అద్దె 3,750. మెయింటెనెన్స్ 1,500 అయితే మనిషికి 375. కరెంటు నెలకు 1,200 అనుకుంటే 300. వైఫై 200. తాగడానికి, వంటకి రోజుకో క్యాను చొప్పున, క్యాను 40 అనుకుంటే 300. సరుకులు, కూరగాయలు, గ్యాసు కలిపి 3,000. వండుకోని పూటల టిఫిన్లకు 700. మొత్తం 8,625. అదే ప్రాంతంలో భోజనంతో కలిపి హాస్టల్ 8,000 ఉందనుకుందాం. మెస్ కూర నచ్చక బయట తినే దోశెలకు ఇంకో వెయ్యి. అది 9,000. తేడా నాలుగు వందల లోపే.

మొదట్లో పడే దెబ్బ దీనికి వేరు. మూడు నెలల అడ్వాన్సు 45,000, బ్రోకరుకు నెల అద్దె 15,000, మొదటి నెల అద్దె 15,000. మొత్తం 75,000, మనిషికి 18,750. ఆపైన స్టవ్వు, గిన్నెలు, బకెట్లు, పరుపులు. పైగా నలుగురిలో ఒకడు డిసెంబరులో ఇంటర్న్‌షిప్ అని బెంగళూరు వెళ్ళిపోతే అతని 3,750 మిగతా ముగ్గురి మీద పడుతుంది. సెలవుల్లో ఇల్లు తాళం వేసినా అద్దె ఆగదు.

అలాగని రూమ్ వద్దనను. రెండో ఏడాది నుంచి రూమ్‌లో ఉన్నవాళ్ళు మనుషులుగా రాటుదేలతారు, ఇష్టమైన తిండి తింటారు, పరీక్షలప్పుడు రాత్రంతా దీపం వెలిగించుకోవచ్చు. నేను చెప్పేది ఒక్కటే. డబ్బు మిగులుతుందని రూమ్ తీసుకోకండి, మిగలదు. మీ ఇంట్లో మీ ఇష్టప్రకారం ఉండాలని ఉంటే తీసుకోండి.

అడ్వాన్సు ఇక్కడ ఆరు నెలలు, పది నెలలు అని కూడా అడుగుతారు. తమిళనాడు కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఖాళీ చేసిన నెలలోపు తిరిగివ్వాలి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని అద్దె అథారిటీ దగ్గర నమోదు చేయాలి. ఇవన్నీ చెప్పి ఓనరుతో గొడవపడమని కాదు, "బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అనే ఊళ్ళో ఇల్లు దొరకడమే కష్టం. బేరమాడేటప్పుడు మీకు తెలిసి ఉండాలని. మూడో ఏడాది మేము ఖాళీ చేసినప్పుడు మా ఓనరు రంగులకని 12,000 కోసుకున్నారు. ఒప్పందంలో రంగుల మాటే లేదు, మేము చేరిన రోజు గోడల ఫొటోలు తీసుకోలేదు, మాట్లాడడానికి మా చేతిలో ఏమీ లేదు. మీరు చేరిన రోజే ప్రతి గోడా, ప్రతి కుళాయీ, కిటికీ అద్దాలతో సహా ఫొటో తీసి ఓనరుకు పంపండి. రంగులకు ఎంత కోస్తారో అంకె వేసి రాయించుకోండి.

కరెంటు గురించి ఒక మాట. తమిళనాడులో ఇంటి కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, అందులో మొదటి 100 యూనిట్లు ఉచితం. ఇంటికి సొంత మీటరు ఉండి బిల్లు నేరుగా మీరే కడితే ఆ లాభం మీదే. ఓనరు చిన్న మీటరు బిగించి యూనిట్‌కు ఇంత అని తీసుకుంటే ఆ ఉచితం మీదాకా రాదు. ఇల్లు చూసేటప్పుడే మీటరు ఎవరి పేరున ఉందో అడగండి.

నీళ్ళు, వరదలు

అక్కకి అరగంట చెప్పింది ఈ భాగమే.

చెన్నైలో ఇంటికి నీళ్ళు నాలుగు రకాలుగా వస్తాయి. మెట్రో వాటర్ అంటే ప్రభుత్వం పైపు నీళ్ళు. బోరు నీళ్ళు. లారీ నీళ్ళు. తాగడానికి క్యాను. సిటీ పాత ప్రాంతాల్లో పైపు నీళ్ళు ఉంటాయి. ఓఎమ్ఆర్ వెంట, శివార్లలో చాలా అపార్టుమెంట్లు బోరు మీదా లారీ మీదా బతుకుతాయి. సముద్రానికి దగ్గరైతే బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కొన్నిచోట్ల ఇనుము ఎక్కువై బకెట్టు పసుపు రంగు తేలుతుంది. ఆ నీళ్ళతో తలస్నానం చేస్తే జుట్టు రాలుతోందని ఆడపిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూశాను.

2019 ఎండాకాలం ఎవరూ మర్చిపోలేదు. నగరానికి నీళ్ళిచ్చే చెరువులు అడుగంటిపోయాయి. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. మా అపార్టుమెంటులో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్ళు వదిలేవాళ్ళు. తెలుగు గంగ కాలువలో కండలేరు నుంచి పూండి చెరువుకు వచ్చే మన కృష్ణా నీళ్ళు కూడా ఈ ఊరి దాహం తీర్చేవాటిలో ఉన్నాయని అప్పుడే నాకు సరిగ్గా అర్థమైంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు కుళాయి తిప్పి చేతిలో పట్టి రుచి చూడండి. "మే నెలలో లారీ తెప్పిస్తారా? ఆ డబ్బు ఎవరిస్తారు?" అని అడగండి. ఓనరు చెప్పిందాంతో ఆగకుండా పక్క పోర్షన్ వాళ్ళని కూడా అడగండి.

ఇక వాన. మన ఊళ్ళల్లో వానాకాలం అంటే జూన్. చెన్నైకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. మీరు ఇల్లు వెతికేది జూన్‌లో, జూలైలో. అప్పుడు ఏ వీధి చూసినా పొడిగా, శుభ్రంగా ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ వెయ్యి తక్కువకే వస్తుంది, అబ్బ, భలే దొరికింది అనుకుంటారు. మేమూ అలాగే వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకున్నాం. 2015 డిసెంబరు వరదల్లో తెల్లారి లేచేసరికి మంచం కోళ్ళు మునిగి ఉన్నాయి. మంచం కింద పెట్టెలో నా పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు. వాటిని ఒక్కొక్కటీ విడదీసి పైఅంతస్తు వాళ్ళింట్లో ఫ్యాను కింద ఆరబెట్టాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు అదే వేళచ్చేరి, పళ్ళికరణై, పెరుంబాక్కం మళ్ళీ మునిగాయి. తాంబరం పడమట ముడిచ్చూరు 2015లో ఎలా మునిగిందో అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్తారు.

కాబట్టి మొదటి అంతస్తు లేదా ఆపైన చూడండి. ప్రహరీ గోడ మీద మురికి గీత ఎంత ఎత్తున ఉందో చూడండి. పాత ఇళ్ళ గడపలు రోడ్డు కన్నా బాగా ఎత్తు కట్టి ఉంటే అక్కడ నీళ్ళు వస్తాయనే అర్థం. వీధి చివర కిరాణా కొట్టాయన్ని "ఇంగె తణ్ణి నిక్కుమా?" అని అడగండి. ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా అని. ఆయనకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఆ నాలుగు తమిళ ముక్కలు నేర్చుకుని వెళ్తే మాట తీరే మారిపోతుంది, ఓనర్లు కూడా మెత్తబడతారు.

వంట

గ్యాస్ కనెక్షన్‌కు ఇక్కడి చిరునామా పత్రం లేదని బెంగపడకండి. 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు ఒక్కటి చూపిస్తే ఇస్తారు, గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. బియ్యం కొట్లో "ఆంధ్రా పొన్ని" అని అడిగితే మనం తినే సన్న బియ్యం ఇస్తారు. ఇడ్లీ పిండి ప్రతి వీధిలో ప్యాకెట్టు దొరుకుతుంది, రుబ్బే పని లేదు. నెలాఖరున చేతిలో డబ్బులు లేకపోతే సిటీలో అమ్మ ఉణవగం అనే ప్రభుత్వ చవక క్యాంటీన్లు ఉన్నాయి. 2013లో మొదలైనప్పుడు ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3. నేను తిన్నాను, వేడిగా, శుభ్రంగా పెట్టారు. సిగ్గుపడకుండా వెళ్ళి తినండి.

వేరే దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు

మీ తరగతిలో శ్రీలంక నుంచో ఆఫ్రికా దేశాల నుంచో వచ్చిన స్నేహితులుంటారు. వాళ్ళు మీ రూమ్‌లో చేరదామంటే సంతోషమే, కానీ ఇల్లిచ్చినవాళ్ళు 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. ఓనరుకు చెప్పకుండా చేర్చుకుంటే ఇబ్బంది ఆ స్నేహితుడికీ, ఓనరుకీ. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చిన విదేశీ విద్యార్థులు వచ్చిన 14 రోజుల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల పేర్లు నమోదు చేసే ప్రాంతీయ కార్యాలయంలో, నమోదు చేసుకోవాలి. చెన్నై కార్యాలయం నుంగంబాక్కం హాడోస్ రోడ్డులో శాస్త్రి భవన్ అనెక్స్‌లో ఉంది. ఇలాంటివాళ్ళకు కాలేజీ హాస్టల్‌ను మించింది లేదు, ఈ కాగితాల పని కాలేజీయే చూస్తుంది.

అక్కకి చివరికి చెప్పింది

వాళ్ళబ్బాయికి మొదటి ఏడాది కాలేజీ హాస్టలే అన్నాను. ఒకవేళ అబ్బాయికి కడుపు సరిపడక, డాక్టరు ఇంటి వంట తినమన్న పరిస్థితి ఉంటే మొదటి రోజు నుంచే రూమ్ తీసుకుని, అమ్మో అమ్మమ్మో రెండు నెలలు వచ్చి ఉండమనేవాణ్ణి. ఆడపిల్ల అయ్యుండి, కాలేజీ హాస్టల్లో సీటు దొరక్కపోతే లైసెన్సున్న బయటి హాస్టల్. ఏడాదిలోపు కోర్సు అయితే రూమ్ ఊసే ఎత్తవద్దు, అడ్వాన్సు తిరిగొచ్చేలోపు చదువు అయిపోతుంది.

అక్కనీ, అబ్బాయినీ హైదరాబాదు నుంచి వచ్చే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఒంగోల్లో ఎక్కమన్నాను. అది తాంబరం దాకా వస్తుంది, సెంట్రల్‌లో దిగి సామానుతో రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ పట్టుకునే అవస్థ ఉండదు. రెండో ఏడాది రూమ్ కావాలంటే ఈ డిసెంబరులో వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని గూడువాంజేరి వీధులు తిరిగి, ఎక్కడ నీళ్ళు నిలవలేదో రాసి పెట్టుకోమన్నాను. ఫిబ్రవరిలో ఆ వీధుల్లో ఉండే ఫైనలియర్ వాళ్ళని కలిసి, మేలో వాళ్ళు ఖాళీ చేసే ఇల్లే మాట్లాడుకుంటే బ్రోకరుకిచ్చే నెల అద్దె మిగులుతుంది. కుళాయి నీళ్ళు రుచి చూడ్డానికి నేనూ వస్తానని చెప్పాను.